పెన్సిల్ ముల్లు, పిన్ని కాలిపర్

కలాం గారి హైదరాబాద్ ప్రసంగం అని ఒక ఫార్వర్డ్ ఉంది. మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. ఒకప్పుడు ఆఫీసు మెయిళ్లలో తిరిగేదట (మా నాన్న ఇన్‌బాక్సులో ఇప్పటికీ భద్రంగా ఉంది), ఇప్పుడు వాట్సాప్‌లో ప్రతి జూలై 27కీ తిరుగుతుంది. అందులో ఒక చిన్న సంఘటన వస్తుంది. అగ్ని క్షిపణి కోసం కార్బన్-కార్బన్ అనే చాలా తేలికైన పదార్థం తయారుచేశారు. ఒకరోజు నిమ్స్ నుంచి ఎముకల డాక్టరొకాయన ల్యాబుకి వచ్చి, ఆ పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, ఇంత తేలికా అని ఆశ్చర్యపోయి, కలాం గారిని తన హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. అక్కడ చిన్నచిన్న పిల్లలు మూడేసి కిలోల పైన బరువున్న ఇనప కాలిపర్లు వేసుకుని కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో వాళ్లకి 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. ఆ తర్వాతి వాక్యాలు చదివితే ఎవరికైనా గొంతు పట్టేస్తుంది.

మా పిన్నికి మాత్రం పట్టదు. పోయిన జూలైలో ఫ్యామిలీ గ్రూపులో ఎవరో మళ్లీ అదే పెడితే, చదివి ఫోన్ పక్కన పెట్టేసి, "బరువు సంగతి అందరూ రాస్తార్రా. వంగే సంగతి ఎవరూ రాయరు" అంది.

ఆ మాట వెంట పడితే నేను ఎక్కడెక్కడికో వెళ్లొచ్చాను. అదే ఈ టపా. కాస్త పెద్దది, టీ పెట్టుకుని రండి.

మా పిన్నికి పోలియో వచ్చింది 1974లో, రెండో ఏట. మా తాత లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పిల్లలంతా సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్లలోనే పెరిగారు. పిన్నికి కుడికాలి తొడ కండరాలు చచ్చుబడిపోయాయి. అలాంటివాళ్లు నడవటం మీరు చూసే ఉంటారు. అడుగు వేసినప్పుడల్లా చేత్తో మోకాలి పైన నొక్కుకుంటారు. నొక్కకపోతే మోకాలు మడత పడి మనిషి కూలబడిపోతుంది. అంటే ఒక చెయ్యి ఎప్పటికీ కాలి పనికే పోయినట్టు.

ఇనప కాలిపర్ వేసుకుంటే ఆ చెయ్యి వెనక్కి వస్తుంది. తొడ నుంచి బూటు దాకా రెండు పక్కలా ఇనప కడ్డీలు, మధ్యలో తోలు పట్టీలు, మోకాలి దగ్గర కిందికి జారి లాక్ అయ్యే రింగులు. కాలు కర్రలా నిలబడిపోతుంది. కూర్చోవాలంటే వంగి రింగులు పైకి లాక్కోవాలి. తాత ప్రతి ఆదివారం దానికి ఆయిల్ వేసి, వదులైన రివెట్లు కొట్టేవాడట. పిన్ని స్కూలు నుంచి వస్తుంటే ఇంటికి నాలుగు క్వార్టర్ల అవతలే కిర్రు కిర్రు వినపడేదని మా అమ్మ చెప్తుంది. ఇంటర్ తర్వాత పిన్ని కుట్టుపని నేర్చుకుంది. కాలితో తొక్కే మెషిన్ కుదరదు కాబట్టి ముందు చేతి మెషిను, తర్వాత మోటారు. ఇప్పటికీ మల్కాజిగిరిలో మా కాలనీ సగానికి జాకెట్లు తనే కుడుతుంది. (ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.)

1990ల చివర్లో ఎవరో చెప్తే ఒకచోట ప్లాస్టిక్ కాలిపర్ చేయించుకుంది. మోకాలి కింద నుంచి పాదం దాకానే ఉంటుంది, ముంగాలికి ముందువైపు ఒక పలక. బరువు అర కిలో కూడా లేదు. చీర కింద కనపడదు, శబ్దం లేదు. ఏడాది పాటు పిన్నికి పండగే. తర్వాత ఒక మే నెలలో సికింద్రాబాద్ స్టేషన్ వంతెన మెట్లు దిగుతుంటే చీలమండ దగ్గర ప్లాస్టిక్ ముందుకి వంగింది. దాంతోపాటే మోకాలు మడత పడింది. ఆరు మెట్లు దొర్లి పడింది, మణికట్టు విరిగింది. కాలిపర్ మాత్రం విరగలేదు! చిన్న పగులు కూడా లేదు. చేసిచ్చినాయనకి చూపిస్తే "బాగానే ఉందిగా అమ్మా" అన్నాడట.

పిన్ని ఆ మర్నాడే అటక మీంచి ఇనపది దింపించింది. తర్వాత ఇరవై ఏళ్ల పైన అదే.

నేను బీటెక్‌లో మెకానికల్ చదివాను. క్యాంపస్‌కి ఐటీ కంపెనీ వచ్చింది, మిగతా కథ మీకు తెలిసిందే. నాలుగేళ్లలో నాకు బాగా గుర్తున్న సబ్జెక్టు ఒక్కటే, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్. పేరులోనే స్ట్రెంత్ ఉంది కదా, అందుకని అందరూ దాన్నే పట్టుకుంటారు. నిజానికి అందులో రెండు వేరువేరు సంగతులుంటాయి. ఎంత బరువు పెడితే విరుగుతుంది అనేది ఒకటి. విరగటం సంగతి దేవుడెరుగు, ఎంత పెడితే ఎంత వంగుతుంది అనేది రెండోది. విరగనితనం స్ట్రెంత్. వంగనితనం స్టిఫ్‌నెస్. పిన్ని ప్లాస్టిక్ కాలిపర్‌కి మొదటిది ఉంది, రెండోది లేదు.

మోకాలి దాకా కూడా రాని కాలిపర్ మోకాలిని ఎలా ఆపుతుందని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. కలాం గారి ప్రసంగంలో దాని పేరు ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్ అని ఉంటుంది. గుట్టంతా ఆ పేరులోనే ఉంది. మనం నేలని ఎంత తొక్కితే నేల మనల్ని అంత పైకి తోస్తుంది. ఆ తోపు మోకాలికి వెనకగా పోతే మోకాలు మడుస్తుంది, ముందుగా పోతే మోకాలిని చాపుతుంది. చీలమండని కదలకుండా బిగించేస్తే, ఒళ్లు ముందుకి వాలగానే బరువంతా పాదం ముందు భాగం మీదకి పోతుంది. నేల తోపు మోకాలికి ముందు నుంచి పోతుంది. ముంగాలి మీద పలక వెనక్కి నొక్కుతుంది. మోకాలు దానంతటదే నిలబడుతుంది. తొడ కండరం చెయ్యాల్సిన పని నేలే చేసి పెడుతోందన్నమాట! (మోకాలు పూర్తిగా చాచగలిగినవాళ్లకే ఇది పనికొస్తుంది, అందరికీ కాదు.) ఎంత తెలివైన ఆలోచనో చూడండి. కానీ మొత్తం వ్యవహారం ఒక్కచోట ఆధారపడింది, చీలమండ దగ్గర అది వంగకూడదు. అక్కడ నాలుగు డిగ్రీలు వంగినా పలక నొక్కటం ఆలస్యమవుతుంది. మెట్లు దిగేటప్పుడు ఆలస్యానికి టైముండదు.

కాబట్టి కావాల్సింది తేలికైనది కాదు. తేలికగా ఉంటూ వంగనిది. స్టీలు వంగనితనం 200 గిగాపాస్కళ్లు, మామూలు పాలీప్రొపైలీన్ ప్లాస్టిక్‌ది ఒకటిన్నర దరిదాపుల్లో. మరి కార్బన్? దానికి ఒక్క అంకె చెప్పటం కుదరదు. అసలు చరిత్రంతా ఇక్కడే మొదలవుతుంది.

నాకు ఉద్యోగం వచ్చాక, కార్బన్ ఫైబర్ ముక్క ఒకటి సంపాదించి పిన్నికి చూపించాను. నల్లగా నిగనిగలాడుతోంది. "కార్బన్ అంటే పెన్సిల్లో ఉండేదేగా? కాగితం మీద రాస్తేనే అరిగిపోతుంది, దీన్ని నమ్ముకుని నేను మెట్లు దిగాలా?" అంది. ప్రశ్న సరైనదే. పెన్సిల్ ముల్లులో ఉండేది గ్రాఫైట్, కాస్త బంకమట్టి. గ్రాఫైట్ అంటే పొరలు. ఒక్కో పొర ఒక్క అణువు మందం, అందులో కార్బన్ అణువులు తేనెపట్టు గదుల్లా అల్లుకుని ఉంటాయి. ఆ ఒక్క పొరనే ఇప్పుడు గ్రాఫీన్ అంటున్నాం. పొరకీ పొరకీ మధ్య 0.335 నానోమీటర్ల ఎడం. ఈ పేర్పుని 1924లో బెర్నాల్ అనే శాస్త్రవేత్త ఎక్స్‌రేలతో తేల్చాడు. పొర వెంబడి లాగితే వంగనితనం వెయ్యి గిగాపాస్కళ్లకి పైన, స్టీలుకి అయిదు రెట్లు. అడ్డంగా, పొర మీద పొరని నొక్కితే 36. పొర మీద పొరని జరిపితే నాలుగో, నాలుగున్నరో. ఒకటే వస్తువు, ఒకటే అణువు, పట్టుకునే దిక్కుని బట్టి రెండొందల రెట్ల పైన తేడా. మనం పెన్సిల్‌తో రాసేటప్పుడు వాడుకునేది ఆ నాలుగుని. పిన్నికి కావాల్సింది ఆ వెయ్యి.

పొరలు జారితే ఏమవుతుందో చూడాలంటే రెండొందల పేజీల నోటుపుస్తకం తీసుకుని వంచండి. సులువుగా వంగుతుంది, పేజీలు ఒకదాని మీద ఒకటి జారి అంచు ఏటవాలుగా వస్తుంది. ఇప్పుడు అన్ని పేజీలకీ జిగురు రాసి ఆరబెట్టి మళ్లీ వంచండి. చెక్క ముక్కే. లెక్కలో చెప్పాలంటే, జారే పది కాగితాలు ఒక్క కాగితానికి పది రెట్లు బిగుసుగా ఉంటాయి, అంటుకున్న పది కాగితాలు వెయ్యి రెట్లు. మందం ఘనం లెక్కన పెరుగుతుంది. ఇదేదో పాతకాలపు పాఠం అనుకోకండి. గ్రాఫీన్‌ని విడదీసి చూపించింది 2004లో, మాంచెస్టర్‌లో గైమ్, నోవోసెలోవ్, సెలోఫేన్ టేపుతో. ఒక్క పొరని సూదిమొనతో నొక్కి దాదాపు వెయ్యి గిగాపాస్కళ్లని కొలిచింది 2008లో, కొలంబియా యూనివర్సిటీలో. నాలుగైదు పొరల గ్రాఫీన్‌ని వంచి చూసి, ఎక్కువ వంచే కొద్దీ పొరలు జారటం మొదలై బిగువు బాగా తగ్గిపోతుందని ఇలినాయ్ యూనివర్సిటీ వాళ్లు తేల్చింది 2020లో. అంటే నోటుపుస్తకం గొడవ అణువుల స్థాయిలో నిన్న మొన్న తేలిందన్నమాట.

పొరలు జారకుండా, వంకర పోకుండా, మనకి కావాల్సిన దిక్కుకి తిప్పి పెట్టటం ఎలా? కార్బన్ చరిత్ర మొత్తం ఈ ఒక్క తంటానే అనిపిస్తుంది నాకు. 1879లో ఎడిసన్ నూలు దారాన్ని మాడ్చి బల్బులో వెలిగించాడు. తర్వాత వెదురు. అవీ కార్బన్ పోగులే, కానీ లోపల పొరలు చిందరవందర. వేలు తగిలితే పొడి.

ఎందుకు చిందరవందరో చెప్పినామె రోజలిండ్ ఫ్రాంక్లిన్. అవును, డీఎన్‌ఏ ఫొటో ఫ్రాంక్లినే. అంతకుముందు ఆమె బొగ్గు మనిషి. యుద్ధకాలంలో ఇంగ్లండ్‌లో బొగ్గు మీద పనిచేసింది, తర్వాత పారిస్‌లో. 1951లో అచ్చయిన ఆమె పేపర్లో ఒక మంచి సంగతి ఉంది. కార్బన్‌లు రెండు జాతులు. కొన్నిటిని 3,000 డిగ్రీల దాకా కాలిస్తే పొరలు సర్దుకుని గ్రాఫైట్ అయిపోతాయి, మెత్తబడతాయి. కొన్నిటిని ఎంత కాల్చినా అవవు. వాటిలో పొరల ముక్కలు ఒకదానికొకటి అడ్డదిడ్డంగా ముడిపడిపోయి కదలటానికి దారుండదు, అందుకే అవి గట్టిగా ఉంటాయి. పంచదార బొగ్గు, కొబ్బరిచిప్ప బొగ్గు ఈ రెండో జాతి. అంతా నల్లటి బొగ్గే, కాకపోతే ఎవరి సంసారం వాళ్లది. డీఎన్‌ఏ దగ్గర ఆమెకి జరిగిన అన్యాయం గురించి బోలెడన్ని పుస్తకాలొచ్చాయి. ఈ పని గురించి ఇంకాస్త మాట్లాడుకుంటే బావుండునని నా బాధ.

1958లో అమెరికాలో, యూనియన్ కార్బైడ్ వాళ్ల పార్మా ల్యాబులో రోజర్ బేకన్ అనే కుర్రాడు గ్రాఫైట్ ఏ వేడి, ఏ ఒత్తిడి దగ్గర కరుగుతుందో చూద్దామని ఆర్క్ వెలిగించాడు. అడుగున పేరుకున్న ముద్దలో వెంట్రుకల్లాంటి పోగులు కనపడ్డాయి. చాప చుట్టినట్టు గ్రాఫైట్ పొరలు పొడుగునా చుట్టుకుని ఉన్నాయి. వాటి వంగనితనం 700 గిగాపాస్కళ్లు. పొరలు సరైన దిక్కులో ఉంటే ఎంత రావచ్చో లోకానికి మొదటిసారి తెలిసింది. చేతికొచ్చింది మాత్రం చిటికెడు.

మీటర్ల కొద్దీ తియ్యటం జపాన్‌లో అకియో షిండో మొదలుపెట్టాడు, 1960 ప్రాంతంలో, ఒసాకాలో. ముడిసరుకు పాలీఆక్రిలోనైట్రైల్. పేరు చూసి భయపడకండి, చలికాలం కోఠీలో ఫుట్‌పాత్ మీద అమ్మే ఆక్రిలిక్ స్వెట్టర్ల ఉన్ని ఆ కుటుంబమే. ఆ పోగుని గాలిలో 200 నుంచి 300 డిగ్రీల దగ్గర వేయించి, తర్వాత గాలి తగలకుండా వెయ్యి దాటించి మాడుస్తారు. కొన్నాళ్లకి ఇంగ్లండ్‌లో ఫార్న్‌బరో విమాన పరిశోధనా కేంద్రంలో విలియం వాట్, ఆయన మనుషులు ఒక కిటుకు పట్టారు. వేయించేటప్పుడు పోగు ముడుచుకుపోవాలని చూస్తుంది. ముడుచుకోనివ్వకుండా రెండు కొసలూ పట్టి బిగించి ఉంచాలి. గంజి పెట్టిన చీరని మా అమ్మా పిన్నీ చెరో కొసా పట్టుకుని లాగి ఆరేస్తారు చూడండి, అదే పని. లాగి ఆరేసిన చీరకి ముడతలుండవు. బిగించి మాడ్చిన పోగులో పొరలు పొడుగు వెంబడి తీరుగా పడతాయి.

ఇంకా వేడి చేస్తే, 2,000 దాటి 3,000 వైపు వెళ్తే, పొరలు ఇంకా తీరుగా సర్దుకుంటాయి, వంగనితనం ఇంకా పెరుగుతుంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒక హద్దు దాటాక విరగనితనం తగ్గటం మొదలవుతుంది. ఇప్పటికీ ఎక్కువగా వాడే జపాన్ టోరే కంపెనీ టీ-300 పోగు వంగనితనం 230 గిగాపాస్కళ్లు. అందులో పొరలు కాస్త నలిగి, ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి, కాబట్టి పగులు ఒక పొరలో పుడితే పక్క పొరకి తేలిగ్గా పాకదు. తారు లాంటి పిచ్ నుంచి తీసే పోగులు 800, 900 దాకా పోతాయి, వాటిలో పొరలు కొత్త నోట్ల కట్టలా నున్నగా ఉంటాయి. కానీ వాటిని పొడుగు వెంబడి నొక్కితే పొరలు జారి తొందరగా లొంగిపోతాయి. మరీ క్రమశిక్షణ ఎక్కువైన పిల్లాడు మొదటి ఎదురుదెబ్బకే డీలా పడినట్టు. :)

కొత్త వస్తువు చేతికి రాగానే జనం తొందరపడ్డారు. రోల్స్ రాయిస్ వాళ్లు ఆర్‌బీ-211 ఇంజన్‌కి కార్బన్ పోగుల ఫ్యాన్ రెక్కలు పెట్టారు. పక్షి కొట్టుకుంటే ఏమవుతుందో చూద్దామని కోడిని విసిరి పరీక్షిస్తే రెక్క ముక్కలైంది. మళ్లీ టైటేనియంకి మారాల్సి వచ్చింది. 1971 ఫిబ్రవరిలో రోల్స్ రాయిస్ దివాలా తీసింది. కారణం ఇదొక్కటే కాదు గానీ ఇదీ ఒకటి. పోగు వెంబడి బ్రహ్మాండంగా ఉన్న వస్తువుని అడ్డంగా కొడితే అంతే మరి.

ఇక మన ఊరి సంగతి.

కార్బన్-కార్బన్ అంటే కార్బన్ పోగుల్ని కార్బన్‌తోనే అతికించటం. 1958లోనే అమెరికాలో ఛాన్స్ వాట్ అనే విమాన కంపెనీలో ఒక పరీక్ష తప్పు జరిగి బయటపడింది. పోగుల మధ్య రెజిన్ కాలి గాలిలో కలిసిపోవాల్సింది పోయి, బొగ్గుగా మారి అక్కడే అతుక్కుపోయింది. కావాలని చేస్తే ఇలా: పోగుల అల్లికకి రెజినో పిచ్చో పట్టించి, గాలి లేకుండా మాడ్చి, ఏర్పడిన బొక్కల్లో మళ్లీ పట్టించి, మళ్లీ మాడ్చి, నెలల తరబడి ఇదే పని. చివరికి వచ్చేది స్టీలు కరిగిపోయే వేడిలోనూ తన బిగువు పోగొట్టుకోని వస్తువు. ఆకాశం నుంచి తిరిగి గాలిలోకి దూసుకొచ్చే క్షిపణి ముక్కుకి అదే కావాలి, అక్కడ వేడి రెండు మూడు వేల డిగ్రీలు.

కలాం గారు కంచన్‌బాగ్ డీఆర్‌డీఎల్‌కి డైరెక్టరుగా వచ్చింది 1982 జూన్‌లో. మరుసటి ఏడాది క్షిపణుల పథకం మొదలైంది. 1987 ఏప్రిల్‌లో ఏడు దేశాలు కూడబలుక్కుని క్షిపణి టెక్నాలజీ ఎవరికీ అమ్మకూడదని ఒప్పందం చేసుకున్నాయి. ఆ జాబితాలో కార్బన్-కార్బన్ కూడా ఉంది, పోగు చుట్టే మెషీన్లు కూడా ఉన్నాయి. కొనుక్కుందామన్నా దొరకదు. ఇక్కడే చేసుకోవాలి. ఇక్కడొచ్చే అసలు చిక్కు మళ్లీ పొరలదే. కార్బన్ గుడ్డని పొర మీద పొర పేరిస్తే గుడ్డ వెంబడి బలం, పొరకీ పొరకీ మధ్య ఏమీ లేదు. వేడికి, ఊపుకి చీరలు విడిపోయినట్టు విడిపోతుంది. మా నాయనమ్మ పాత చీరలు పేర్చి బొంత కుట్టేది. కుట్టకపోతే అవి ఉత్త చీరల దొంతరే కదా, కుడితేనే బొంత. అదే లెక్కన పోగుల్ని మందం వెంబడి కూడా పోనిచ్చి, మూడు నాలుగు దిక్కుల్లో అల్లుతారు. ఒక దిక్కుకి కొంత వంగనితనం వదులుకుని, అన్ని దిక్కులా కాస్త కాస్త పంచుకోవటం.

అగ్ని ప్రాజెక్టు డైరెక్టరు రాం నారాయణ్ అగర్వాల్ గారు. 1989 ఏప్రిల్ 20న చాందీపూర్‌లో ప్రయోగం చివరి క్షణాల్లో ఆగిపోయింది. మే 1న మళ్లీ ఆగింది. పేపర్లు ఆటపట్టించాయి, అమూల్ వాళ్లు అగ్నికి తమ వెన్న ఇంధనంగా వాడుకోమని బొమ్మేశారు. మే 22న ఎగిరింది. జైపూర్‌లో పుట్టిన అగర్వాల్ గారు హైదరాబాద్‌లోనే ఉండిపోయి, 2024 ఆగస్టు 15న ఇక్కడే కన్నుమూశారు. ఆయన మొదటి డైరెక్టరుగా ఉన్న అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ ల్యాబొరేటరీలో తర్వాత్తర్వాత తేజస్ యుద్ధవిమానానికి కార్బన్-కార్బన్ బ్రేకులూ తయారయ్యాయి.

పిన్నికి అప్పుడు పదిహేడేళ్లు. కంచన్‌బాగ్ నుంచి లాలాగూడకి ఒక్క ఊరి దూరం. ఒకచోట ఆ పొరల్ని నాలుగు దిక్కులకి అల్లుతున్నారు, ఇంకోచోట తాత ఇనప రింగులకి ఆయిల్ వేస్తున్నాడు. నిమ్స్ డాక్టరు గారు ఆ ముక్కని ఎత్తి చూడటం నాకు అందుకే పెద్ద సంగతిగా అనిపిస్తుంది. (నిమ్స్ మొదలైందే నిజాం ఆర్థోపెడిక్ హాస్పిటల్‌గా, కాబట్టి కాళ్ల సంగతి వాళ్లకి తెలియకుండా ఎలా ఉంటుంది.) కాకపోతే ఆ కథ తిరిగి తిరిగి జనం మనసులో మిగిలింది మూడు కిలోలు, 300 గ్రాములు అనే రెండు అంకెలే. కాలిపర్‌కి మూడు వేల డిగ్రీల వేడితో పనిలేదు. దానికి కావాల్సింది ఏ దిక్కున వంగకూడదో ఆ దిక్కున వంగకపోవటం. ఆ అంకె ఏ ఫార్వర్డ్‌లోనూ లేదు. ఆ రెండంకెలే విని ప్లాస్టిక్ పోసి తేలికైన కాలిపర్ అని అమ్మినవాళ్ల దగ్గర పిన్ని లాంటివాళ్లు ఎంతమంది పడ్డారో.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకో ఫార్వర్డ్ గురించి కూడా. 2006లో జర్మనీ డ్రెస్డెన్‌లో పాఫ్లర్ బృందం ఒక పాత డమాస్కస్ కత్తిలో కార్బన్ నానోట్యూబులు కనిపెట్టింది. అలాంటి కత్తులకి ఉక్కు మన నిజామాబాద్ దగ్గర కోనసముద్రం లాంటి ఊళ్ల నుంచీ వెళ్లేది. ఇంకేం, మన పూర్వీకులకి నానోటెక్నాలజీ తెలుసు అని మెసేజీలు. కోనసముద్రం కమ్మరుల పనితనం అంటే నాకు నిజంగా గౌరవం, అందుకే ఈ మాట చిరాకు. నానోట్యూబ్ అంటే చుట్టిన గ్రాఫీన్ పొర. అది ఉండటం వేరు, దాన్ని మనకి కావాల్సిన దిక్కుకి పేర్చుకోవటం వేరు. వాళ్లు పేర్చింది ఉక్కుని, అదేమైనా చిన్న పనా?

ఇక బిగువు ఒక్కటే చూసుకుని మురిసిపోతే ఏమవుతుందో 2003 ఫిబ్రవరి 1న చూశాం. కొలంబియా షటిల్ రెక్క అంచు కార్బన్-కార్బన్. పైకి ఎగిరేటప్పుడు ముప్పావు కిలో నురుగు ముక్క ఊడి ఎడమ రెక్కకి తగిలింది. నురుగే కదా అనుకున్నారు. తర్వాత అలాంటి పలక మీదే నురుగు ముక్కని పేల్చి చూస్తే బెత్తెడు కాదు, తలకాయ దూరేంత కన్నం పడింది. కల్పనా చావ్లా అందులోనే ఉంది. వంగనిది చాలాసార్లు పెళుసు కూడా. పిన్ని కార్బన్ కాలిపర్ ఒప్పుకోకుండా మూడేళ్లు నన్ను తిప్పటానికి ఇలాంటి భయమే కారణం, తను నాసా రిపోర్టు చదవకపోయినా.

మొత్తానికి రెండేళ్ల కింద ఒప్పించాను. నా బోనస్ డబ్బులు. కొలతలకి కాలికి పీవోపీ కట్టు వేసి తీసి, దాన్ని అచ్చుగా పోసి, దాని మీద కార్బన్ గుడ్డ పొరలు పరిచి, పైన సంచి తొడిగి గాలి లాగేసి రెజిన్ పోస్తారు. పది రోజుల్లో వచ్చింది. 410 గ్రాములు. ఇంట్లో అందరం చప్పట్లు కొట్టాం. పిన్ని వేసుకుని హాల్లో నాలుగడుగులేసి, గోడ పట్టుకుని ఆగిపోయింది. "వంగుతోందిరా."

నేను నమ్మలేదు. కార్బన్ వంగటమేంటి, స్టీలు కంటే బిగువైనది, నీ భయం అంతే అన్నాను. పిన్ని ఏమీ అనలేదు. కాలిపర్ విప్పి, కళ్లజోడు పెట్టుకుని, కిటికీ వెలుగులో చీలమండ దగ్గర నేత వైపు చాలాసేపు చూసింది. తర్వాత గోరుతో ఒక గీత చూపించింది.

"ఇక్కడ గుడ్డ క్రాస్ పెట్టాడు. క్రాస్ పెడితే సాగుతుంది కదరా. జాకెట్టు ఒంటికి పట్టాలంటే మేమూ అలాగే కట్ చేస్తాం."

నేను బీటెక్ మెకానికల్, ఫస్ట్ క్లాస్.

ఆ రాత్రి పైథాన్‌లో నాలుగు లైన్లు రాసి చూశాను. పోగులన్నీ ఒకే దిక్కున ఉన్న మామూలు కార్బన్ పలకకి పోగు వెంబడి వంగనితనం 140 అనుకోండి, అడ్డంగా 10, జారుడుకి 5. పోగు పది డిగ్రీలు పక్కకి వాలితే 140 కాస్తా 80 అయింది. పదిహేనుకి 53. ముప్ఫైకి 21. నలభై అయిదుకి 13. అదే పోగు, అదే రెజిన్, అవే గ్రాములు. రెండు దిక్కుల నేత గుడ్డకి అంకెలు వేరుగా వస్తాయి గానీ కథ అదే, క్రాస్‌లో అన్నిటికంటే మెత్తన. మడమ వంపు చుట్టూ గుడ్డ ముడత పడకుండా కూర్చోవాలంటే క్రాస్‌గా వెయ్యటమే సులువు, కాబట్టి ఆ కుర్రాడు అలా వేశాడు. అతని తప్పని కూడా అనను. దర్జీ అయితే అదే చేస్తాడు.

మర్నాడు పిన్ని, నేను వెళ్లాం. పిన్నే మాట్లాడింది. ఆ అబ్బాయి మొదట నవ్వాడు, తర్వాత పాత టేపు తెచ్చి కొలిచాడు, తర్వాత నవ్వటం మానేశాడు. రెండో కాలిపర్‌లో ముంగాలి నుంచి అరికాలి దాకా, చీలమండకి రెండు పక్కలా నిలువు పోగుల పట్టీలు పరిచాడు. మధ్యలో మాత్రం కొన్ని పొరలు క్రాస్‌గానే ఉంచాడు, కాలు మెలిపడితే ఆపటానికి అవి కావాలట. బరువు 425 గ్రాములు.

ఇప్పుడు పిన్ని మోండా మార్కెట్‌కి ఒక్కతే వెళ్తుంది. రెండు చేతుల్లో రెండు సంచులు. నేను తోడొస్తానంటే తిడుతుంది. ఇనప కాలిపర్ అటక మీదే ఉంది, పాత సామాన్ల వాడికి ఇవ్వనివ్వదు. మొన్న దింపి తూచాను, బూటుతో కలిపి రెండు కిలోల తొమ్మిది వందలు. రింగులకి తాత వేసిన ఆయిల్ జిడ్డు ఇంకా ఉంది.

వచ్చే నెల కొత్తదానికి కొలతలివ్వాలి, మడమ దగ్గర పాతది అరిగింది. ఈసారి గుడ్డ కత్తిరించేటప్పుడు పక్కనే కూర్చుంటానని ఆ అబ్బాయికి ముందే ఫోన్ చేసి చెప్పింది. కత్తెర కూడా తనదే తెచ్చుకుంటుందట.